తెరవరాని పాతర

దాచుట గృహిణికి తల్లి నేర్పిన విద్య. ఏటికి సరిపడు చింతపండును కుండలోను, విత్తనపు జొన్నలను బూడిద కలిపి గుమ్మిలోను, ఊరగాయను జాడీలోను మనము దాచుచునే యున్నాము. అయితే మనము దాచునవన్నియు మరల తీయుటకే దాచునవి. ఏనాడును తీయకుండుటకై, మన పిమ్మట పుట్టువారు సైతము తీయకుండుటకై, ఒక వస్తువును దాచవలసి వచ్చినచో దానికి ధర్మమేది? దాచినవారికి బాధ్యత యెన్నాళ్లు? ఎవరి నేలలో దాచవచ్చును? ఎవరి ననుమతి యడుగవలెను?

ఇది పొద్దుపోక చేయు తర్కము కాదు. బొగ్గు కాలినపుడు పుట్టు వాయువును పొగగొట్టము కడనే పట్టి, అదిమి, భూగర్భమున శాశ్వతముగా నిలువచేయు విద్య లోకమున నడచుచున్నది. మన దేశమున నీతి ఆయోగువారు 2022 నవంబరులో ఈ విషయమై యొక విపులమైన నివేదికను వెలువరించిరి. 2025లో ఎన్.టి.పి.సి. వారు జార్ఖండ్ రాష్ట్రములోని పక్రీ బర్వాడీ బొగ్గుగని ప్రాంతమున ఇట్టి నిలువకై పరీక్షార్థము బావిని త్రవ్వ నారంభించిరి. మందమర్రిలో నేటివరకు అట్టిది లేదు. కాని ఒక బొగ్గునేలను నేడు జరుగునది రేపు మరియొక బొగ్గునేలను జరుగవచ్చును. పని మొదలయిన పిదప అడుగుటకంటె ముందే తెలిసికొని యుండుట మేలని తలచి, సోదరీమణుల ముందు ఈ విచారము నుంచుచున్నాము.

మొదట ఆ వాయువేదో తెలిసికొందము. మన పూర్వపు పాఠ్యపుస్తకములలో దానిని బొగ్గుపులుసు గాలి యనెడివారు. నేటి పిల్లలు కార్బన్ డయాక్సైడు అందురు. మనము విడుచు ఊపిరిలో నున్నది అదియే. పొయ్యి మండినపుడు పుట్టునది అదియే. సోడాబుడ్డిలో బుసబుస పొంగునదియు నదియే. కొద్దిపాటిగా నున్నంతవరకు అది విషము కాదు, చెట్టు చేమలకు ఆహారము కూడ. అయితే అది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. పల్లమునకు దిగి, గాలిని పైకి నెట్టి, తాను నిలుచును. రంగు లేదు, వాసన లేదు. అది నిండిన చోట మనిషి నిలిచినచో ఊపిరాడక పడిపోవును.

ఈ సంగతి మన తెలంగాణపు పల్లెలకు క్రొత్త కాదు. పూర్వము ఇండ్ల ముంగిట జొన్నల పాతరలుండెడివి. నేలలో గుంత త్రవ్వి, లోపల గడ్డి పరచి, ధాన్యము పోసి, మూత వేసి, మన్ను మెత్తెడివారు. లోపలి గింజ ఊపిరి తీసి తీసి బొగ్గుపులుసు గాలిని నింపెడిది. ఆ గాలివలననే పురుగు చచ్చి ధాన్యము నిలిచెడిది. కాని పాతర తెరచిన వెంటనే యెవరును దిగెడివారు కారు. మూత తీసి, గాలి పారనిచ్చి, దీపమును త్రాడున కట్టి లోనికి దింపి, అది ఆరక వెలిగినచోనే మనిషి దిగుట. పాడుబడిన బావులలోనికి దిగుటకును ఇదియే పద్ధతి. బొగ్గుబావులలోనికి దిగువారు చేత పట్టుకొనిపోయిన రక్షణదీపమునకును ఒక ప్రయోజనమిదియే: ప్రాణవాయువు తగ్గినచోట దాని జ్వాల సన్నగిల్లి ఆరిపోవును. అనగా, నేలలో గాలిని దాచుటలోని మేలును కీడును మన పెద్దలు చేతులార చూచినవారే. క్రొత్తది దాని పరిమాణము మాత్రమే.

ఆ పరిమాణమెట్టిదో సింగరేణి బొగ్గునే ఉదాహరణముగా గొని చూతము. ఇల్లందు ప్రాంతమున బొగ్గున్నదని భూగర్భశాస్త్రజ్ఞుడైన విలియం కింగు 1871లో కనుగొనెను. హైదరాబాదు దక్కను కంపెనీ 1886లో నేర్పడి త్రవ్వకము సాగించినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసినది. నేడు అందులో నూటికి 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమువి, 49 పాళ్లు కేంద్రమువి. గోదావరి లోయ పొడవునను గనులు పరచుకొన్న ఈ సంస్థ ఏటికి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీయుచున్నది. మందమర్రిలోని కల్యాణి గనులును, శాంతి గనియు, కాసిపేట గనియు ఆ పెద్ద సంసారములోనివే. ఈ బొగ్గు రామగుండములోను, 2016లో వెలుగు నిచ్చిన జైపూరు 1,200 మెగావాట్ల కేంద్రములోను, ఇంకను పెక్కుచోట్లను కాలి విద్యుత్తగుచున్నది.

కాలిన బొగ్గు ఏమగును? పిడికెడు బూడిద మిగులుట చూచి, తక్కినది మాయమైనదని మనము భ్రమపడుదుము. నిజమునకు అది బరువు తగ్గలేదు, పెరిగినది. బొగ్గులోని అంగారము 12 పాళ్లు గాలిలోని ప్రాణవాయువు 32 పాళ్లతో కలసి 44 పాళ్ల బొగ్గుపులుసు గాలియగును. మన బొగ్గులో అంగారము నూటికి 40 పాళ్లే యనుకొన్నను, ఒక టన్ను బొగ్గునకు దాదాపు ఒకటిన్నర టన్ను వాయువు పుట్టును. ఈ లెక్కను 7 కోట్ల టన్నులకు 10 కోట్ల టన్నులకు పైబడిన వాయువు ఏటేట ఆకాశమున కెక్కును. యంత్రయుగమునకు పూర్వము గాలి పది లక్షల పాళ్లలో ఈ వాయువు 280 పాళ్లుండెడిది. నేడు 420 దాటినది. అది భూమికి కప్పిన దుప్పటివలె వేడిని వెలుపలికి పోనీయదు. వేసవిలో మధ్యాహ్నపు వేళ మందమర్రి వీధులు నిర్మానుష్యమగుట చూచిన స్త్రీలకు వేడి యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు.

కావున ఆ వాయువును ఆకాశమున కెక్కనీయక పట్టవలెనని శాస్త్రజ్ఞులు తలపెట్టిరి. పొగను ఒక రసాయన ద్రవములో పారించినచో ఆ ద్రవము బొగ్గుపులుసు గాలిని మాత్రము పట్టుకొనును. దానిని వేడిచేసిన మరల విడిచిపెట్టును. అట్లు వేరుపరచిన వాయువును గట్టిగా అదిమి, గొట్టములగుండ కొనిపోయి, 800 మీటర్లకు మించిన లోతున, ఉప్పునీరు నిండిన ఇసుకరాతి పొరలలోనికి ఎక్కింతురు. ఆ లోతునందలి ఒత్తిడికి వాయువు నీటివలె చిక్కనగును. నేలపై అయిదువందల ఘనపు మీటర్లకు పైగా ఆక్రమించు ఒక టన్ను వాయువు అచ్చట ఒకటిన్నర ఘనపు మీటరులో ఇముడును. పైన మట్టిరాతి పొర జాడీకి వాసెన కట్టినట్లు మూసి యుండవలెను. నార్వే దేశమువారు స్లైప్నర్ అనుచోట సముద్రగర్భమున 1996 నుండి ఏటికి సుమారు 10 లక్షల టన్నుల వరకు ఇట్లు దాచిరి. అది పైకి వచ్చిన జాడ కానరాలేదు. మూతపొర గట్టిదైనచో వాయువు లక్షల యేండ్లు నిలుచుననుటకు భూమిలో సహజముగా నున్న వాయునిధులే సాక్ష్యము.

ఇచ్చట ఒక సందేహమును తీర్చవలసి యున్నది. బొగ్గు తీసిన గనులు ఖాళీగానే యున్నవి కదా, తీసినచోటనే దాని పొగను పెట్టరాదా యని పలువురడుగుదురు. చూపునకు ఇది న్యాయముగనే యున్నది. కాని కొలత ఒప్పదు. ఒక టన్ను బొగ్గు భూమిలో ఆక్రమించిన చోటు ముప్పాతిక ఘనపు మీటరునకు లోపే. దానినుండి పుట్టిన వాయువునకు ఎంత అదిమినను రెండు ఘనపు మీటర్లకు పైగా కావలెను. బొగ్గు తన పొగకు తానే చాలినంత చోటు విడువలేదు. అదియును గాక మన గనులు 800 మీటర్ల లోతు పోలేదు. బొగ్గు తీసినచోట పైకప్పు కూలి పగుళ్లు నేలవరకు ప్రాకును. అందులకే గదా గోదావరి ఇసుకను నీటితో పారించి గనులలో నింపుట. ఓడు కుండలో నీరు నిలువదు. ఓటి గనిలో వాయువును నిలువదు. త్రవ్వుటకు వీలుకాని లోతైన బొగ్గుపొరలు ఈ వాయువును పీల్చి పట్టుకొనగలవుగాని, పీల్చినపుడు బొగ్గు ఉబ్బి, వాయువు పారు సన్నని దారులు పూడిపోవుచుండును.

మరియొక మార్గము నల్లరాయి. పాత ఆదిలాబాదు జిల్లా పడమటి భాగమున నల్లరేగడి నేలలు దేనినుండి పుట్టినవో ఆ దక్కను నల్లరాయి దేశమున దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరచుకొని యున్నది. ఐస్‌లాండు దేశమున 2012లో ఈ వాయువును నీటిలో కలిపి అట్టి రాతిలోనికి ఎక్కించి చూడగా, నూటికి 95 పాళ్లకు మించి రెండేండ్లలోపుననే సున్నపురాయివంటి రాయిగా మారెనని 2016లో ప్రకటించిరి. రాయియైన గాలి పైకి రాదు. కావలికాయువాని భయము తీరును. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ఈ శతాబ్దపు తొలినాళ్లలోనే దక్కను రాతిలో దీని సాధ్యాసాధ్యములను పరిశీలించిరి. కాని ఆ పద్ధతికి ఒక టన్ను వాయువునకు సుమారు 25 టన్నుల నీరు కావలెను. ఎండకాలమున బిందె నీటికై నిలుచు పల్లెలలో ఈ మాట తేలికగా ఒప్పుకొనదగినది కాదు.

ఇక ప్రమాదముల మాట. భయపెట్టుటకు గాక, కొలత తెలియుటకు చెప్పుచున్నాము. 1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున న్యోస్ అను సరస్సు అడుగున సహజముగా చేరియున్న బొగ్గుపులుసు గాలి ఒక్కసారిగా పొంగి లోయలలోనికి పారగా సుమారు 1,700 మంది నిద్రలోనే ప్రాణములు విడిచిరి. అది మనుష్యులు దాచినది కాదు. భూగర్భమున రాతిపొరలలో దాచుటయు సరస్సులో చేరుటయు ఒక్కటి కావు. కాని ఈ వాయువు పల్లమునకు పారినపుడు ఏమి చేయునో అది తెలుపుచున్నది. 2020 ఫిబ్రవరి 22న అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు సటార్షియా అను పల్లె చెంత, వానలకు నేల జారి, ఈ వాయువును కొనిపోవు గొట్టము పగిలినది. ఊరి జనులు సుమారు 200 మంది ఇండ్లు విడువవలసి వచ్చెను. 45 మంది ఆసుపత్రి పాలైరి. ప్రాణవాయువు లేక మోటారుబండ్లు సైతము దారిలో ఆగిపోయెను. ఆల్జీరియాలోని ఇన్ సలాహ్ అనుచోట 2004లో మొదలిడి 2011లో వాయువు నెక్కించుట మానిరి. లోపలి ఒత్తిడికి నేల కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినట్లు ఆకాశమునుండి కొలిచి కనుగొనిరి.

మన నేలయు బొత్తిగా కదలనిది కాదు. 1967 డిసెంబరులో కొయ్నా, 1993 సెప్టెంబరులో కిల్లారి కంపించినది దక్కను నల్లరాతి ప్రాంతముననే. మన గోదావరి లోయలో 1969 ఏప్రిలులో భద్రాచలమును, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమును భూకంపమునకు గురియైనవి. కొయ్నాలో జలాశయపు నీటి బరువే భూమిని కదలించినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నీటి ఒత్తిడికి కదలు నేల వాయువు ఒత్తిడికి కదలదని ముందుగనే నిశ్చయించుట తగదు. ఒక్కొక్క చోటును వేరువేరుగా పరీక్షింపవలెను.

ఇంతవరకు వస్తువిచారము. ఇక ధర్మవిచారము.

మన ధర్మశాస్త్రములు వ్యవహారములను 18 పదములుగా విభజించి, ఋణము తరువాత రెండవదిగా నిక్షేపమును చెప్పినవి. నిక్షేపమనగా ఒకరి సొమ్మును మరియొకరి వద్ద నమ్మి దాచుట. 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమున ఈ వ్యవహారధర్మములను తెనుగువారికి తెనుగుననే అందించెను. నిక్షేపమును ఎవరివద్ద నుంచవలెనో స్మృతులు చెప్పినవి: సత్యము పలుకువాడు, ధర్మమెరిగినవాడు, బంధుబలగము గలవాడు, కలిమి గలవాడు. అనగా, మాట నిలుపుకొను బుద్ధియు, నష్టమును పూరించు శక్తియు రెండును గలవాడు. ఈ కొలతను బొగ్గుపులుసు గాలికి పెట్టి చూడుడు. దాచువాడు ఒక సంస్థ. సంస్థలకు ఆయువెంత? దాచిన వాయువు వేయియేండ్లు నిలువవలెను. ఐరోపా దేశములు 2009లో చేసిన చట్టమున, ఎక్కించుట ఆపిన పిమ్మట సామాన్యముగా కనీసము 20 ఏండ్లు ఆ సంస్థ కావలి యుండవలెననియు, పిదప ఆ భారము ప్రభుత్వమునకు చేరుననియు విధించిరి. ఇరువది యేండ్లనగా ఒక బిడ్డ పుట్టి పెండ్లీడునకు వచ్చునంతకాలము. ఆ తరువాతి తొమ్మిదివందల ఎనుబది యేండ్లు ప్రభుత్వముమీద, అనగా ప్రజలమీద పడును.

శాస్త్రములో మరియొక సూక్ష్మము కలదు. రాజు వలనను, దైవము వలనను, దొంగల వలనను నిక్షేపము పోయినచో దాచుకొన్నవాడు అచ్చుకొననక్కరలేదు. ఇది న్యాయమే, ఏలయన అచ్చట నష్టపడువాడు సొమ్ముగలవాడే, నమ్మి యిచ్చినవాడే. ఇచ్చట అట్లు కాదు. వాయువును పుట్టించినవారొకరు, దాచువారొకరు, అది పైకి వచ్చినచో నష్టపడువారు మూడవవారు. వారు ఇచ్చినవారును గారు, పుచ్చుకొన్నవారును గారు. వారి యిల్లు ఆ నేలమీద నున్నది, అంతే. కాబట్టి భూకంపము దైవికమని చెప్పి తప్పించుకొను మినహాయింపు ఈ నిక్షేపమునకు చెల్లరాదని మా యభిప్రాయము. దైవము చేసినదైనను నష్టమును పూరించెదమని ముందుగా వ్రాసి, అందులకు ధనమును వేరుగా కట్టినవారికే దాచు అధికారముండవలెను. ఇట్టి ఏర్పాటు మన దేశమునకు వింత కాదు: 2009 నుండి బొగ్గుగనుల యజమానులు గని మూసివేతకై ఏటేట ధనమును వేరుగా జమకట్టవలెనను నియమము కలదు.

కావలి మాట బొగ్గూళ్లకు మరింత బాగుగ తెలియును. గనిలో నిప్పు రాజుకొనిన పనిచోటులకు అడ్డుగోడలు కట్టి మూయుదురు, మూసి ఊరకుండరు. గోడవెనుకటి గాలిని మాటిమాటికి పరీక్షింతురు. గని యున్నంతకాలము ఆ కావలి యుండును. గనియే పోయినచో? మన పొరుగున బెల్లంపల్లి యొకప్పుడు కళకళలాడిన ఊరు. గనులు ఒక్కొక్కటిగా మూతపడగా ఊరు చిక్కిపోయినది. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు మించియున్న కార్మికులు నేడు 40 వేల ప్రాంతమునకు తగ్గిరి. బొగ్గు తీరిన నాడు కంపెనీ క్వార్టర్లు ఖాళీయగును, ఆసుపత్రి పోవును, ఇంజనీర్లు పోవుదురు. భూమిక్రింది వాయువు మాత్రము పోదు. అప్పుడు దీపము పట్టుకొని పాతర మూతకడ నిలుచువారెవరు? ఇది అన్నిటికంటె బరువైన ప్రశ్నయని మాకు తోచుచున్నది.

సగరచక్రవర్తి కుమారులు అరువదివేలమంది గుర్రమును వెదకుచు పాతాళమువరకు భూమిని త్రవ్వి బూడిదయైరి. వారిని తరింపజేయుటకు అంశుమంతుడు తపించెను, దిలీపుడు తపించెను, కార్యము భగీరథుని నాటికి గాని నెరవేరలేదు. త్రవ్వినవారొక తరము, తపస్సు చేసినవారు మూడు తరములు. మనము చేసిన పనికి మనుమలచే తపస్సు చేయించుట తగునా యని ఆ కథ మనలను అడుగుచున్నది.

ఇక అనుమతి. ఈ విషయమును మేము చెప్పగా విన్న కార్మికుని యిల్లాలొకతె, “బాయిలకెల్లి తీస్కపోయిన బొగ్గు సంగతి మాకు ఎరుకే పంతులమ్మా. ఇప్పుడు దాని పొగ తెచ్చి మల్ల మా కిందనే పెడ్తరా?” యని యడిగినది. ఆమె ప్రశ్నలో శాస్త్రమంతయు నున్నది. పాలసముద్రమును చిలికినపుడు పుట్టిన హాలాహలమును శివుడు ధరించెను. కాని యెట్లు ధరించెను? దేవతలు తన్ను ప్రార్థింపగా, తనకు తానై పూని, దేవి సమ్మతితో ధరించెను. పోతనగారి భాగవతము చదివిన స్త్రీలెల్లరకును ఆ సమ్మతి యెంతటిదో తెలియును. నీ కంఠమున దాచెదమని ఎవరును బలవంతపెట్టలేదు. అమృతము పంచుకొన్నవారు మాత్రము వేరొకరు. రామగుండపు విద్యుత్తు దక్షిణదేశపు రాష్ట్రములకు పోవుచున్నది. వెలుగు పెక్కింటిది, పొగ దాచు నేల ఒక్క ఊరిది కారాదు.

మందమర్రికి ఈ అనుమతి విషయమున మరియొక చిక్కున్నది. ఏజెన్సీ ప్రాంతమను వివాదమువలన ఇచ్చటి పురపాలక సంఘమునకు దశాబ్దములపాటు ఎన్నికలే జరుగలేదు. పంచాయతి కాక, ఎన్నికైన సంఘమును లేక యున్న ఊరిని అడుగవలెనన్నచో ఎవరి నడుగుదురు? ఊరి పేర ఔననుటకు గాని కాదనుటకు గాని నోరే లేనిచోట, మౌనమును అంగీకారముగా లెక్కకట్టుట సులభము. నెదర్లాండ్సు దేశమున బారెండ్రెక్ట్ అను పట్టణము క్రింద ఈ వాయువును దాచదలచిన యోచనను, అచ్చటి జనులు కాదనగా 2010లో విడిచిపెట్టిరి. వారికి కాదనుటకు నోరుండెను, ఆ మాట వినబడెను. గోండులు, కోలాములు నివసించు పల్లెలను తెలుగుననే కాక వారి భాషలోను తెలిపి యడిగినపుడే అడిగినట్లు.

మరి, ఇట్లయిన ఈ పని బొత్తిగా వలదందుమా? అట్లనుటకును మనసొప్పదు. వలదన్నంతమాత్రమున వాయువు పుట్టుట మానదు. మన క్రింద దాగనిది అందరి నెత్తిమీద కెక్కును. ఆ వేడికి ఎక్కువగా మాడునది ఏనాడును బొగ్గు కాల్చనివారు: ఎండలో పని చేయు కూలి, పసిబిడ్డను ఒడిలో నుంచుకొన్న రేకుల యింటి తల్లి, సముద్రతీరపు జాలరి. నా పెరటిలో వలదు, లోకము పెరటిలో పడనిమ్మనుట ధర్మము కాదు.

అయితే దేనికి దాచవలెనో విచక్షణ చేయవలెను. దేవాపూరు, మంచిర్యాల సిమెంటు కర్మాగారములను చూడుడు. సున్నపురాయిని కాల్చినపుడు రాతిలోనుండియే బొగ్గుపులుసు గాలి వెలువడును; పొయ్యిలో బొగ్గునకు మారుగా మరేమి మండించినను అది వెలువడక మానదు. ఇట్టి తప్పనిసరి వాయువునకు పాతర వెదకుట న్యాయము. విద్యుత్తు అట్లు కాదు. మందమర్రి ప్రాంతముననే సింగరేణివారు సూర్యఫలకములను పరచి కరెంటు తీయుచున్నారు. వేరు దారి యున్నచోట, దాచుటకు చోటున్నది గనుక కాల్చుచునే యుందమనుట, మందున్నది గనుక అపథ్యము చేసెదమనుట వంటిది. లోకమున ఇంతవరకు పట్టిన వాయువులో హెచ్చుభాగము పాత బావులలో మిగిలిన నూనెను పైకి నెట్టుటకే వినియోగమైనదని తెలిసినపుడు ఈ శంక మరింత బలపడును. అప్పు తీర్చుటకై తెచ్చిన సొమ్ముతో మరల అప్పు చేయుట యిది.

కాబట్టి మా నిర్ణయము ఇట్లున్నది. కాల్పు తగ్గించుట మొదటి ధర్మము, దాచుట రెండవది. రెండవది మొదటిదానికి సాకు కారాదు. తప్పించుకొనలేని వాయువును మాత్రమే దాచవలెను. రాయిగా మారుచోటు దొరికినచో నీటికి కొరత రానంతవరకు దానికే మొదటి స్థానమియ్యవలెను. కావలి ఖర్చు ముందుగా కట్టవలెను. ఎచ్చట, ఎంత, ఎంత లోతున దాచిరో తెలుపు పటము కంపెనీ కార్యాలయములోనే కాక ఊరి బడిలోను ఉండవలెను. బడి పిల్లలు దానిని చదివి పెరుగవలెను. కాదను హక్కు ఊరికి నిజముగా నుండవలెను.

సోదరీమణులారా, ఇట్టి సభ మన యూరిలో జరిగిన నాడు, ఇవి ఇంజనీర్ల మాటలని తలచి మగవారిని పంపి మనము వంటయింట నుండరాదు. వెళ్లి నాలుగు మాటలడుగవలెను. మా యింటికి ఎంత దూరమున, ఎంత లోతున పెట్టుదురు? గొట్టము ఏ వీధిగుండ పోవును? రాత్రివేళ పగిలినచో మమ్ము లేపు గంట ఎక్కడ, మేము పోవలసిన మెరకచోటు ఎక్కడ? మీరు వెళ్లిపోయిన తరువాత మూత చూచువారెవరు? ఈ నాలుగింటికి కాగితముమీద జవాబు వచ్చువరకు అవునని గాని కాదని గాని వ్రేలిముద్ర వేయకుడు, సంతకము చేయకుడు.